ఇకపై మా బంగాళాదుంపలు మట్టితోనే వస్తాయి

మా వద్ద కూరగాయలు కొనే మీ అందరికీ నమస్కారం.

ఇంటికి తీసుకువెళ్ళిన వారం తిరగకముందే మా బంగాళాదుంపలు పచ్చబడుతున్నాయనీ, సంచి అడుగున కుళ్ళి వాసన వేస్తున్నాయనీ ఈ మధ్య మీలో పలువురు చెప్పారు. మొదట మేము సరుకు పంపినవారినే అనుమానించాము. కానీ అదే సరుకులో మేము ఇంకా విప్పని గోనెసంచులలోని దుంపలు రాళ్ళలా గట్టిగా ఉండడం చూశాక, తప్పు మాదేనని తెలిసింది. చూడగానే కొనాలనిపించాలని దుంపలను కడిగి, పూర్తిగా ఆరకముందే పారదర్శకమైన ప్లాస్టిక్ సంచులలో కట్టి, రోజంతా లైట్ల వెలుగులో పేర్చాము. అందుకు మన్నించమని కోరుతున్నాము.

దుంప తవ్వి తీశాక కూడా ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. దాని బరువులో దాదాపు 80 శాతం నీరే. గాలి ఆడని సంచిలో ఆ తేమ చెమటలా పేరుకుంటే కుళ్ళు పుట్టించే బ్యాక్టీరియాకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఒకరు తిరిగి తెచ్చిన సంచిని నేనే విప్పాను. పైనున్న దుంపలు బాగానే ఉన్నాయి. అడుగున ఉన్నదాన్ని పట్టుకోగానే బొటనవేలు తొక్కలోంచి లోపలికి దిగిపోయింది, చిక్కటి నీరు కారింది, ఆ కంపు చేతిని రెండుసార్లు కడిగినా పోలేదు. అలాంటి దుంపలో బాగున్న భాగాన్ని కోసుకుని వాడుకోవాలని చూడకండి. దాన్ని పారవేసి, దాని తడి తగిలిన మిగతావాటిని ఒక్కొక్కటిగా నొక్కి చూడండి.

పచ్చదనం సంగతి వేరు. వెలుగు తగిలితే తొక్క కింద పత్రహరితం ఏర్పడుతుంది. అది హానికరం కాదు గానీ, అదే వెలుగుకు సోలనిన్, చాకోనిన్ అనే చేదు విషపదార్థాలు కూడా పెరుగుతాయి. కిలో దుంపలో ఇవి 200 మిల్లీగ్రాములు మించకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. మించితే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు రావచ్చు. ఉడికించినా ఇవి పెద్దగా తగ్గవు. ఇవి ఎక్కువగా తొక్కలోనూ మొలక కళ్ళ చుట్టూనూ ఉంటాయి కనుక, చిన్న పచ్చ మరక ఉంటే తొక్కను మందంగా చెక్కి వాడుకోవచ్చు. దుంప చాలా మేర పచ్చబడినా, వండాక నాలుకకు చేదు తగిలినా వదిలేయడమే మంచిది.

ఇంట్లో చీకటిగా, చల్లగా, గాలి ఆడే చోట ఉంచండి. 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ వాటికి అనుకూలం. అంత చల్లదనం దొరకకపోతే పొయ్యికి, ఎండ పడే కిటికీకి దూరంగా ఉన్న మూల చాలు, కాకపోతే తక్కువగా కొని త్వరగా వాడుకోవాలి (వ్యాపారిగా ఈ మాట చెప్పడం కొంచెం కష్టమే). ఫ్రిజ్‌లో పెడితే కొంత పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. వేయించినప్పుడు ముక్కలు త్వరగా నల్లబడతాయి, అక్రిలమైడ్ అనే హానికర పదార్థం కూడా ఎక్కువగా ఏర్పడవచ్చు. వండే ముందు తప్ప కడగకండి. ఉల్లిపాయలకు పొడిచోటు కావాలి, వీటికి కొంత తేమ కావాలి. రెండింటినీ ఒకే బుట్టలో వేయకండి.

చిన్న మొలకలు వచ్చినా దుంప గట్టిగా ఉంటే, మొలకను కంటితో సహా లోతుగా తీసేసి వాడుకోవచ్చు. మొలకలు పొడవుగా సాగి, దుంప మెత్తబడి ముడతలు పడితే వద్దు. గుంటలు పడి బూజు పట్టినవీ అంతే. అయితే కోసినప్పుడు మధ్యలో ఖాళీ కనిపించిందని కొందరు వెనక్కి తెస్తున్నారు. అది ఎదుగుదలలో వచ్చిన లోపం. చుట్టూ కుళ్ళు లేకపోతే నిశ్చింతగా తినవచ్చు. దెబ్బ తగిలిన చోట బూడిదరంగు మచ్చ ఉంటే అంతవరకు కోసేయండి. కోసిన ముక్కలు గాలికి ఎర్రబడడం పాడైన గుర్తు కాదు.

ఈ వారం నుంచి దుంపలను కడగము. మట్టి దులిపి, వెలుగు చొరబడని కాగితపు సంచులలో, పక్కన గాలి రంధ్రాలతో ఇస్తాము. చూడడానికి మునుపటంత అందంగా ఉండవు. ప్లాస్టిక్ సంచిలో కొన్నవి పాడైపోయి ఉంటే వాటిని మోసుకు రానవసరం లేదు. నోటిమాటగా చెప్పండి చాలు, అంతే బరువు కొత్తవి తూచి ఇస్తాము.