లోపానికి పాయింట్లిస్తే ఆటలో దాన్ని కనిపించనివ్వాలి

సంపాదకుల వారికి,

బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర పోషిస్తూ కథ ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు కొన్నింటిలో పాత్రకు ఒక లోపం రాసుకుంటే అదనపు పాయింట్లొస్తాయి. చిక్కంతా అక్కడే. సముద్రం ఊసే లేని కథలో నీళ్లంటే భయమని రాసి, ఆ పాయింట్లతో కత్తిసాము పెంచుకుంటారు.

గర్ప్స్ అనే అలాంటి ఆట నాలుగో ఎడిషన్‌లో ముక్కోపం విలువ మైనస్ 10, అంటే పది పాయింట్లు చేతికొస్తాయి. రెచ్చగొట్టినప్పుడు మూడు పాచికలు వేస్తే 12 లేదా అంతకు తక్కువ పడాలి. నూటికి 74 సార్లు పాత్ర నిగ్రహించుకుంటుంది. హద్దు 9కి దించితే 37.5 శాతమే, అందుకే మైనస్ 15. లెక్క న్యాయమైనదే. కానీ కథ నడిపించే గేమ్ మాస్టర్ రెచ్చగొట్టే సన్నివేశమే పెట్టకపోతే అవి ఉత్తపుణ్యానికొచ్చిన పాయింట్లు. 150 పాయింట్లతో తయారుచేసే పాత్రకు లోపాల పాయింట్లు మొత్తం 75 దాటనివ్వకండి, రెండు మూడు సెషన్లకోసారైనా ఒక్కోదాన్ని కథలోకి లాగండి. తోటివారి సంచులు కొట్టేసే దొంగబుద్ధికి మాత్రం బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ముందే ఒప్పుకోవాలి, నష్టపోయేది వాళ్లే కాబట్టి.

– ఒక పాఠకుడు