పిడి నునుపు పని ఇక మీ ఇంట్లోనే

అంబాజీపేటలో మా సాన దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి రెండు మార్పులు. కత్తికి కొత్త పిడి వేయడానికి ఇంతవరకు 120 రూపాయలు తీసుకుంటున్నాం, ఇకపై 150. బాగా ఆరిన తుమ్మ కర్ర దొరకడం కష్టమైంది, దొరికినా ప్రియం. పచ్చి కర్ర వేసి పాత ధరకే ఇవ్వవచ్చు. కానీ రోహిణి కార్తె ఎండలకు అది కుంచించుకుపోయి పిడి ఊగుతుంది, మీరు మళ్లీ నా దగ్గరికే వస్తారు. లాభం నాకే, మీకు కాదు.

రెండోది, గరుకెక్కి నల్లబడిన పిడిని నునుపు చేసే పని ఇక తీసుకోం. దానివల్ల సానపట్టాల్సిన కత్తులు వెనకబడుతున్నాయి. పైగా అది ఎవరైనా ఇంట్లో చేసుకోగల పనే.

ముందు అలుగుకు, అంటే కత్తి కోసే భాగానికి, మందపాటి గుడ్డ చుట్టి కట్టండి. పిడిని సబ్బు నీళ్ల గుడ్డతో తుడవండి, నానబెట్టవద్దు. పాత కత్తుల్లో పిడిలోకి దిగిన ఇనుము లక్కతో బిగించి ఉంటుంది, వేడి నీళ్లకు లక్క మెత్తబడుతుంది. నీడలోనే ఆరబెట్టండి.

తర్వాత 120 నంబరు గరుకు కాగితం, ఆపైన 220. కర్ర చారల వెంటే రుద్దాలి. అడ్డంగా పడిన గీతలు నూనె పట్టించాక కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నునుపు వచ్చిందనుకున్నాక చాలామంది ఆపేస్తారు. ఆపకండి. తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. అణిగి ఉన్న పీచు పైకి లేస్తుంది, తడిమితే పిల్లి నాలుకలా ఉంటుంది. దాన్ని మళ్లీ 220తో మెల్లగా తీసేస్తే, తర్వాత నీళ్లు తగిలినా పిడి అంత త్వరగా గరుకెక్కదు.

కోనసీమలో ఉంటూ కొబ్బరి నూనె వద్దంటే ఊరుకుంటారో లేదో గానీ, వద్దు. అది గట్టిపడదు, జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది. పలచగా రాసి, పావుగంటాగి పైన మిగిలింది తుడిచేయండి. చేతికి అంటనంతగా ఆరాకే రెండో పూత. వానాకాలపు తేమలో ఒక్కో పూతకు వారమైనా పట్టవచ్చు. రంగుల దుకాణంలో దొరికే బాయిల్డ్ నూనెలో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, వంటింటి కత్తికి అది వాడకండి. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయవద్దు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి అది దానంతట అదే అంటుకోవచ్చు. తీగ మీద విప్పి ఆరేయండి.

వార్నిష్ వేయమని అడిగేవారూ ఉన్నారు. మెరుస్తుంది, నిజమే. పులస కోసే తడి చేతిలో జారుతుంది కూడా. పెచ్చు లేచిన చోట నీరు దిగి కర్ర నల్లబడుతుంది. నేనైతే వేయను.

పిడి ఊగినా, పిడి మొదట్లో ఉండే లోహపు కట్టు (పొన్ను) వదులైనా, కర్ర నిలువునా చీలినా మాత్రం ఇంట్లో జిగురు పోసి ప్రయోగాలు చేయకుండా తీసుకురండి. అలుగుకు కాగితం చుట్టి, సంచిలో పిడి పైకి ఉండేలా పెట్టండి. సంచిలో చెయ్యి పెట్టేది నేనే.