శీనుకి: మరాంట్జ్ వద్దులే, దుకాణం పేరున్న రిసీవర్ చూడు

ఒరేయ్ శీనూ,

పాత స్టీరియో రిసీవర్ (రేడియో, యాంప్లిఫయరు ఒకే డబ్బాలో ఉండేది) కొందామని, మరాంట్జ్ 2270 వెతుకుతున్నానని నువ్వు పెట్టిన మెసేజ్‌కి ఫోన్లో నాలుగు ముక్కల్లో జవాబు చెప్తే కుదరదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఇంట్లోకి ఇంకో పాత డబ్బా వద్దని చెల్లెమ్మ అందట కదా. ఆవిడ మాటలో న్యాయముంది. అందుకే నాలుగు కొనకుండా ఒక్కటే, అదీ సరైనది కొను.

ముందు ఆ మరాంట్జ్ 2270 కోసం దేవులాడటం ఆపెయ్. చానల్‌కి (ఎడమ, కుడి వైపుల్లో ఒక్కోదానికి) 70 వాట్లు, నీలం డయలు, మంచి రిసీవరే, కాదనను. కానీ ఇప్పుడు అడుగుతున్న ధరలో సగం ఆ నీలం వెలుగుకీ, ముందు పలక మీది పేరుకీ పోతోంది. అదే కాలంలో అమెరికాలో దుకాణాలు తమ సొంత పేర్లతో అమ్మిన రిసీవర్లున్నాయి చూడు, వాటి లోపలి సరుకు చాలాసార్లు అంతకి తీసిపోదు. పేరు చవక కాబట్టి ఇవాళ్టికీ ధర చవక.

మీ పక్కూరి సంగతే తీసుకో. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ టాండీ కంపెనీ 1963లో బోస్టన్ రేడియో షాక్‌ని కొనేసి దేశమంతా దుకాణాలు తెరిచింది. వాళ్ళ ఆడియో సామాను పేరు రియలిస్టిక్. రిసీవర్ల వరసకి ఎస్‌టీఏ అని ముందు అక్షరాలు. వాటిలో పెద్దది ఎస్‌టీఏ-2100, చానల్‌కి 120 వాట్లు. జేసీ పెన్నీ దుకాణాల్లో ఎంసీఎస్ పేరుతో అమ్మారు, కొన్ని ఎన్ఈసీ చేసినవి, కొన్ని టెక్నిక్స్ వాళ్ళ మత్సుషిత చేసినవి. సియర్స్‌లో ఎల్ఎక్స్ఐ, న్యూయార్క్ వైపు లఫాయెట్. వీటి రిసీవర్లలో చాలామటుకు జపాన్ ఫ్యాక్టరీల్లో తయారైనవే. పేరు మాత్రం అమ్మినవాడిది. వెనక పలక మీద తయారైన దేశం రాసి ఉంటుంది, అది చదువు.

ఏ సంవత్సరాలవి కొనాలంటే, 1975 నుంచి 1980 దాకా. దీనికో గట్టి కారణముంది. అంతకుముందు ఎవడికి తోచిన వాట్లు వాడు రాసుకునేవాడు: మ్యూజిక్ పవర్ అనీ, పీక్ పవర్ అనీ, రెండు చానళ్ళూ కలిపి ఒకే అంకె వేసీ. 1974 నవంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అమల్లోకి వచ్చింది. రెండు చానళ్ళూ ఒకేసారి నడుస్తుండగా, ఏ ఓమ్‌లకి, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా, ఎంత డిస్టార్షన్‌తో (సౌండు రూపం చెడటం) ఆ వాట్లు వస్తాయో చెప్పాల్సి వచ్చింది. పైగా కొలిచే ముందు మూడో వంతు పవర్ మీద గంటసేపు నడపాల్సి ఉండేది. అసలు కిటుకు అక్కడే ఉంది. ఈ రకం యాంప్లిఫయర్లు పూర్తి పవర్ మీద కంటే ఆ మూడో వంతు దగ్గరే దాదాపు అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కుతాయి. ఆ గంట తట్టుకోవాలంటే పెద్ద హీట్ సింక్ (వేడిని బయటికి పంపే లోహపు రెక్కలు), బరువైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టక తప్పలేదు. అందుకే ఆ ఐదారేళ్ళ సరుకు, ఏ పేరుదైనా, ఎత్తితే నడుం పట్టేస్తుంది. 80ల్లోకి వచ్చేసరికి బరువు తగ్గి ప్లాస్టిక్ పెరిగింది.

వాట్ల గురించి మరీ బెంగ పెట్టుకోకు. 25 నుంచి 50కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంతే. మీ హాల్లో పాటలు వినడానికి నిజమైన 25, 30 వాట్లు పుష్కలం.

సోల్డరింగ్ మొదలుపెట్టినవాడివి కాబట్టి నీకు వాట్ల కంటే ముఖ్యమైన విషయం లోపల ఏముందన్నది. పై మూత తీయించగలిగితే హీట్ సింక్ వైపు టార్చి వెయ్యి. విడి ట్రాన్సిస్టర్లు, చానల్‌కి రెండు, స్క్రూలతో బిగించి కనిపిస్తే సంతోషం. వాటికి సమానమైనవి ఇప్పటికీ దొరుకుతాయి. వాటి బదులు ఒక పెద్ద నల్ల దిమ్మ, కింద వరసగా కాళ్ళు, మీద ఎస్‌టీకే అని అంకె ఉంటే అది సాన్యో హైబ్రిడ్ మాడ్యూల్. బతికున్నంతకాలం బాగానే పాడుతుంది. కాలిపోతే మాత్రం అసలుది దొరకడం కష్టం, దొరికేవాటిలో నకిలీలు బోలెడు. అందుకే ఎస్‌టీకే ఉన్నదానికి నేనైతే సగం ధరకు మించి పెట్టను.

మరో రకం ఉంది, దాని జోలికే పోకు. రికార్డ్ ప్లేయరు, ఎయిట్-ట్రాక్ టేపు, రేడియో అన్నీ ఒకే డబ్బాలో కుక్కిన సౌండ్‌డిజైన్, యోర్క్స్ లాంటివి. బయటికి మెరుపులు, మీటర్లు, లోపల అరచేతంత ట్రాన్స్‌ఫార్మర్. వాటి ఫోనో ఇన్‌పుట్, అంటే రికార్డ్ ప్లేయర్ తగిలించే చోటు, చాలావరకు సెరామిక్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉండే ముక్క) కోసం పెట్టినది. నీ టర్న్‌టేబుల్ మాగ్నెటిక్‌ది, దానికి తగిలిస్తే పాట ఎక్కడో పక్కింట్లోంచి వస్తున్నట్టు, బేస్ లేకుండా వినిపిస్తుంది.

ఇక చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఒక టార్చి, మల్టీమీటరు, పోయినా పర్వాలేదనుకునే చిన్న స్పీకర్ల జత, ఫోన్లోంచి రిసీవర్ వెనకున్న ఆర్‌సీఏ జాక్‌లకి (గుండ్రటి ఆడియో సాకెట్లు) కేబుల్ పట్టుకెళ్ళు. 'సౌండ్ రావట్లేదు, విడిభాగాలకే' అని పెట్టిన ప్రకటనలు కనిపిస్తే వదలకు. చాలాసార్లు టేప్ మానిటర్ బటన్ నొక్కేసి ఉంటుంది. అది నొక్కితే రిసీవర్ టేప్ డెక్ నుంచి సౌండ్ కోసం ఎదురుచూస్తుంది, డెక్ లేదు కాబట్టి నిశ్శబ్దం. ఇంకోటి, వెనకాల ప్రీ-అవుట్, మెయిన్-ఇన్ జాక్‌ల (ప్రీయాంప్ నుంచి పవర్ యాంప్‌కి సౌండు వెళ్ళే దారి) మధ్య చిన్న లోహపు లింకులుంటాయి, అవి ఊడిపోయినా సౌండు రాదు. మామూలు ఆర్‌సీఏ తీగ ముక్క పెడితే సరి. మూడోది, స్పీకర్ స్విచ్ ఏ-ప్లస్-బీ మీద ఉంటే కొన్ని మోడళ్ళలో రెండు జతలూ సిరీస్‌లో పడతాయి. బీ దగ్గర స్పీకర్లు లేకపోతే ఏ కూడా పాడదు. ఈ మూడూ రెండు నిమిషాల పని, అమ్మేవాడి ముందే చూసుకోవచ్చు.

స్పీకర్లు తగిలించే ముందు ఖాళీ టెర్మినళ్ళ దగ్గర డీసీ వోల్టేజి కొలువు. పది నిమిషాలు వేడెక్కాక 50 మిల్లీవోల్టుల లోపుంటే నిశ్చింత. 100 దాటితే లోపల పనుంది. ఏకంగా వోల్టుల్లో ఉండి తగ్గకపోతే స్పీకర్ ముట్టించొద్దు, కాయిల్ మాడిపోతుంది. కొన్ని పాత మోడళ్ళలో అవుట్‌పుట్ దారిలో పెద్ద కెపాసిటర్ ఉంటుంది. వాటిలో ఆ అంకె మెల్లగా దిగుతూ కనిపిస్తుంది, కంగారుపడకు. ట్రాన్సిస్టర్ పోయినా ఆ కెపాసిటర్ అడ్డుండి స్పీకర్‌ని కాపాడుతుంది కూడా. కాకపోతే అది ఎండిపోతే బేస్ పోతుంది: 8 ఓమ్‌ల స్పీకర్‌కి 1000 మైక్రోఫారడ్ ఉంటే 20 హెర్ట్జ్ దాకా దిగే సౌండు, 300కి పడిపోతే 66 దగ్గరే 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది.

ఆన్ చేశాక మూడు నాలుగు సెకన్లకి 'టిక్'మని రిలే (స్పీకర్లని కలిపే ఆటోమేటిక్ స్విచ్) పడాలి, రిలే ఉన్న మోడలైతే. పడకపోతే ప్రొటెక్షన్ పట్టేసిందన్నమాట, ఎక్కువగా ఆ డీసీ వల్లే. పడిందనుకో, వాల్యూమ్ బాగా తగ్గించి ఓ పాట వెయ్యి. ఒక చానల్ మాయమై, వాల్యూమ్ పెంచగానే ఠక్కున తిరిగొచ్చి, మళ్ళీ తగ్గించినా కాసేపు ఉంటే రిలే కాంటాక్ట్‌లకి నల్లటి పొర పట్టిందని అర్థం. చిన్న సిగ్నల్ ఆ పొరని దాటలేదు, పెద్దది ఛేదించుకుని వెళ్తుంది. స్పీకర్ స్విచ్ కూడా అచ్చం ఇలాగే చేస్తుంది, కాబట్టి ఏ నుంచి బీకి మార్చి తేడా చూడు. బేరమాడటానికి ఇంతకంటే మంచి లోపం ఉండదు. వినడానికి భయంకరంగా ఉంటుంది, బాగుచెయ్యడానికి ఒక సాయంత్రం చాలు. రిలే మూత తీసి, సన్నటి కాగితం ముక్కకి డీఆక్సిట్ (కాంటాక్ట్‌లు శుభ్రం చేసే ద్రవం) రాసి, కాంటాక్ట్‌ల మధ్య పెట్టి, వేలితో నొక్కి లాగు. నలుపు కాగితానికి అంటుకుని వస్తుంది. తెల్లగా వచ్చేదాకా చెయ్యి. గరుకు కాగితం పెట్టావంటే పైపూత లేచిపోయి నెలల్లోనే మళ్ళీ మొదలు. పూర్తిగా గుంటలు పడ్డవైతే కొత్త రిలే వెయ్యడమే. ఎక్కువగా 24 వోల్టుల కాయిల్, రెండు జతల కాంటాక్ట్‌లు, కానీ పాతదాని మీద రాసింది చూసే కొను.

నాబ్ తిప్పితే కరకరమంటే అదసలు లోపమే కాదు. డీఆక్సిట్‌లో డీ5 స్విచ్‌లకి, ఎఫ్5 వాల్యూమ్, టోన్ కంట్రోళ్ళకి. వెనకనుంచి, పొటెన్షియోమీటర్ (నాబ్ వెనకున్న భాగం) కాళ్ళ దగ్గరున్న చిన్న సందులోంచి ఒక్క చుక్కంత కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి ముప్ఫైసార్లు తిప్పు. డబ్ల్యూడీ-40 మాత్రం దగ్గరికి రానివ్వకు. ట్యూనింగ్ కెపాసిటర్ రేకుల మీద ఏదీ పడకూడదు, డయల్ మీది స్టేషన్లన్నీ పక్కకి జరుగుతాయి.

ఇంటికి తెచ్చాక మొదటిసారి నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టకు. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చెయ్యి, ఎల్ఈడీ పనికిరాదు. క్షణంపాటు వెలిగి మసకబారితే మంచిది. అలాగే ప్రకాశంగా వెలుగుతూ ఉండిపోతే లోపలెక్కడో షార్ట్ ఉంది, బల్బే నీ ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడింది. పెద్ద రిసీవర్ అయితే 100 వాట్ల బల్బు పెట్టు. లోపల చెయ్యి పెట్టే ముందు ప్లగ్ తీసెయ్యి. ఆ తర్వాత ఫిల్టర్ కెపాసిటర్లని కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చెయ్యి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే హీరోయిజం వద్దు.

కెపాసిటర్లన్నీ కట్టగట్టి మార్చెయ్యమని ఎవరైనా చెప్తే వినకు. నూరు చోట్ల సోల్డర్ ఊడదీస్తే పదిచోట్ల బోర్డు మీది రాగి ట్రాక్ లేస్తుంది, అప్పుడు ఏది పాత లోపమో ఏది నీ చలవో తేలదు. ముందు చూడాల్సింది వేరే ఉంది. కెపాసిటర్లు కదలకుండా ఆనాడు పసుపు రంగు జిగురు పోశారు. ఏళ్ళ తరబడి వేడికి అది ముదురు గోధుమ రంగులోకి మారి, కరెంటు పారనిస్తుంది, పక్కనున్న కాళ్ళనీ జంపర్లనీ తినేస్తుంది. దాన్ని గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నల్లబడ్డ కాళ్ళున్న భాగాల్ని మార్చు. ఒక చానల్లో వర్షం పడుతున్నట్టు చిటపట ఉంటే 2ఎస్‌సీ458 లాంటి పాత ట్రాన్సిస్టర్లని అనుమానించు, వాటి కాళ్ళు నల్లబడి ఉంటాయి. కేఎస్‌సీ1845 చాలాచోట్ల సరిపోతుంది, కాళ్ళ వరస డేటాషీట్‌లో చూసుకున్నాకే పెట్టు.

బయాస్ (పాట లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) సర్దేటప్పుడు ఎమిటర్ రెసిస్టర్ రెండు చివరల మధ్య కొలుస్తారు. 0.47 ఓమ్ మీద 10 మిల్లీవోల్టులంటే సుమారు 21 మిల్లీయాంప్‌లు. నీ మోడల్‌కి ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్ చూసే పెట్టు. ట్రిమ్మర్ (బయాస్ సర్దే బుల్లి స్క్రూ నాబ్) తిప్పకముందే దాని పాత స్థానం మార్కర్‌తో గీసుకో. పాత ట్రిమ్మర్ మధ్యలో కాంటాక్ట్ వదిలేసిందంటే కొన్ని సర్క్యూట్లలో బయాస్ ఒక్కసారిగా నెత్తికెక్కి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. అందుకే ఆ రెండు ట్రిమ్మర్లూ కొత్తవి వేసెయ్యడం ఉత్తమం. డయల్ దీపాలంటావా, వోల్టేజి కొలిచి అదే కొలతవి వెయ్యి. ఎల్ఈడీలు పెడితే వెలుగు మరీ తెల్లగా కొడుతుంది, నాకు నచ్చదు, నీ ఇష్టం.

ఒకటి బాగుచేసి విజయవాడలో మామయ్యగారికి పట్టుకెళ్తానన్నావు. వెనక వోల్టేజి సెలెక్టర్ లేకపోతే అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్. అక్కడ 50 హెర్ట్జ్. స్టెప్-డౌన్‌తో 110 ఇచ్చినా దాని ఇనుము లోపల ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) పదిశాతం ఎక్కువ, ఎక్కువసేపు నడిస్తే వేడెక్కి గుయ్యిమంటుంది. అదే 100 వోల్టులిస్తే అమెరికా లెక్కే అవుతుంది, సౌండు పవర్‌లో మాత్రం దాదాపు మూడో వంతు పోతుంది. మామయ్యగారి గదికి అది చాలు. వెనక రాసిన వాట్లకి రెట్టింపు సామర్థ్యమున్న స్టెప్-డౌన్ కొను.

ముల్లు తిరిగే అనలాగ్ ట్యూనర్ ఉన్నదే పట్టుకెళ్ళు. అమెరికా డిజిటల్ ట్యూనర్లు ఏఎంలో పదేసి కిలోహెర్ట్జ్‌లు దూకుతాయి, విజయవాడ ఆకాశవాణి 837 రెండు అంకెల మధ్య పడి వాటికి సరిగ్గా అందదు. ఎఫ్ఎంలో ట్రెబుల్ కాస్త మందంగా వినిపిస్తే సెట్‌ది లోపం కాదు. డీ-ఎంఫసిస్ (రిసీవర్ ట్రెబుల్‌ని తగ్గించే కొలత) అమెరికాలో 75 మైక్రోసెకన్లు, అక్కడ 50. ట్రెబుల్ నాబ్ కొంచెం కుడికి తిప్పుకోమను.

విమానంలో పెట్టెకి 23 కిలోలే, కాబట్టి 30 వాట్ల లోపు రిసీవరే చూడు. చెక్క కేసు విప్పి విడిగా సర్దు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపు కింద గట్టి ఫోమ్ రెండు వరసలు వెయ్యి, లేకపోతే ఒక్క దెబ్బకి ఛాసిస్ (లోపలి రేకు చట్రం) వంగిపోతుంది.

నీ
మూర్తి