‘కన్సిడర్’ అంటే ఇచ్చెయ్యమని కాదు

సంపాదకుల వారికి,

రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఆపేసిన నిషేధిత భూముల జాబితాపై హైకోర్టు నుంచి ఉత్తర్వు రాగానే కేసు గెలిచేశామని మన కర్నూలు జిల్లా రైతులు చాలామంది అనుకుంటున్నారు. ‘ఆ సర్వే నంబరు తొలగించండి: కోర్టు’ అని పత్రికలూ శీర్షిక పెడతాయి. తీరా చివరి పేరా చదివితే అర్జీని ‘కన్సిడర్’ చేసి, చట్ట ప్రకారం ఫలానా వారాల్లోగా ఉత్తర్వులివ్వండి అని ఉంటుంది. అంటే తహసీల్దారో కలెక్టరో పరిశీలించాలి. తీసేయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

ఈ మాటతో వచ్చే గందరగోళాన్ని మన ఆర్టీసీ కేసులోనే 2006లో సుప్రీంకోర్టు విడమరిచింది. అధికారి నిర్ణయంలో తప్పెక్కడుందో కోర్టు తేల్చి, ఆ వెలుగులో ‘కన్సిడర్’ చేయమంటే అధికారి దానికి కట్టుబడాలి. మంచిచెడ్డల జోలికి పోకుండా ఉత్త ‘కన్సిడర్’ అని వదిలేస్తే నిర్ణయం అధికారిదే. వకీలు దగ్గర మొదట అడగాల్సింది ఇదే: మనకొచ్చింది ఏ రకం?

సర్వీసు కేసుల్లో ఇంకో చిక్కుంది. ‘సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా కన్సిడర్ చేయాలి’ అంటే డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ‘డ్యూటీగా పరిగణించమన్న విన్నపాన్ని కన్సిడర్ చేయాలి’ అంటే విన్నపం చూడమన్నారంతే. రెంటికీ జీతం బకాయిలంత తేడా. క్రయపత్రంలోని ‘కన్సిడరేషన్’ వీటికి సంబంధం లేనిది, అది ప్రతిఫలం, అంటే సొమ్ము.

గడువు సాధారణంగా ఉత్తర్వు నకలు ఆఫీసుకు అందిన రోజు నుంచి లెక్క. కాబట్టి ఇంట్లో బీరువాలో పెట్టుకుంటే లాభం లేదు. సర్టిఫైడ్ కాపీ, పాత అర్జీ నకలు, ఆధారాలు కలిపి ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాలు సెక్షన్‌లో ఇచ్చి, మన కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. లేదా అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టు చేయాలి. గడువు దాటినా కదలిక లేకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ వేయొచ్చు, దానికీ ఏడాదే సమయం. కారణాలు రాసి తిరస్కరిస్తే మాత్రం ధిక్కారం నిలబడదు. ఆ తిరస్కరణ మీదే హైకోర్టులో కొత్తగా రిట్ పిటిషన్ వేయాలి. ఏళ్లకిందే కాలం చెల్లిన హక్కు, అర్జీకి జవాబు వచ్చినంత మాత్రాన తిరిగి లేవదని సుప్రీంకోర్టు 2008లో చెప్పిన సంగతీ మరవకూడదు.

అధికారులకూ చెప్పాల్సింది ఉంది. ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అన్న ఒక్క వాక్యం పరిశీలన అనిపించుకోదు. ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు గడిలో పేరుందా, పేరు బదులు చుక్కలున్నాయా, ప్రభుత్వం ఆ భూమిని ఎవరికైనా అసైన్‌మెంటుగా ఇచ్చిందా, అర్జీదారు ఏ కాగితాలిచ్చాడు, అవెందుకు చాలవు అన్నది రాయాలి. ఆ కారణాలుంటేనే రైతు పైకోర్టులో వాటికి జవాబు చెప్పుకోగలడు. ఇంగ్లీషులో ఇచ్చే ఎండార్స్‌మెంటు (అర్జీకి రాతపూర్వక జవాబు) కింద తెలుగులో నాలుగు వాక్యాలు కలపడం ఏ ఆఫీసుకూ భారం కాదు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ మండలాల్లో పెట్టే సదస్సుల్లో ఇలాంటి ఉత్తర్వు చివరి పేరా ఒకటి చదివి వినిపించాలి. విలేకరులు ‘తొలగించమంది’ అని రాసేముందు ఆ పేరా తెప్పించుకుని చూసి, అక్కడ ఉన్నది పరిశీలనే అయితే ‘పరిశీలించమంది’ అనే రాయాలని మనవి.

— ఒక పాఠకుడు, కర్నూలు