మిరప కోతలు ఆపిన సుగ్గి (కోతల కాలపు వలస) కూలీల తరఫున కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఒప్పుకున్న కూలి తగ్గించారని పల్నాడు మిరప చేలల్లో కోత ఆపేసి బరకాల కింద కూర్చున్న కూలీల్లో నేనూ ఒకదాన్ని. మాది కర్నూలు జిల్లా కోసిగి మండలం. పనిచేసిన ఊరి పేరు, ఆసాముల పేర్లు ఇక్కడ రాయడం లేదు. వచ్చే ఏడాది కూడా మావాళ్లు అక్కడికే సుగ్గికి పోవాలి. వివరాలన్నీ మేమిచ్చిన అర్జీలో ఉన్నాయి, దయచేసి తెప్పించుకుని చూడండి. ఆ అర్జీకి ముద్ర వేసి ఇచ్చారు, అంతే, ఆ తర్వాత ఒక్కరూ మా వైపు రాలేదు. సొంత జిల్లాలో అడిగితే పని జరిగిన చోట అడగమన్నారు. అక్కడికి పోతే మీది కర్నూలు కదమ్మా అన్నారు.

సంక్రాంతి ముందు కూలీలను కుదిర్చే మేస్త్రీ మా ఊరొచ్చి, కిలోకు ఇంత అని మాటిచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి మమ్మల్ని బయల్దేరదీశాడు. తీరా సగం చేలు కోశాక ఆసాములంతా ఒకటై రేటు తగ్గించారు. మిరపకు ధర లేదన్నారు. ధర పడితే రైతు గతి ఏమవుతుందో మాకు తెలియనిది కాదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రమే మిరపకు క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించే దాకా వచ్చింది పరిస్థితి. కౌలురైతులు కళ్లాల్లో తలపట్టుకుని కూర్చోవడం మేం చూశాం. కానీ మిర్చి యార్డులో ధర బాగా పలికిన ఏళ్లలో, ఇదిగో మీకూ రెండు రూపాయలు ఎక్కువ అన్న ఆసామి మాకు తగల్లేదు. నష్టం వచ్చినప్పుడు మాత్రం మా కూలిలోంచి తీసుకోవడం ఏం న్యాయం?

కాటా దగ్గర అన్యాయం ఇంకా ఎక్కువ. మంచుకు కాయ తడిగా ఉందని తరుగు తీస్తారు. తాలు కలిసిందని తీస్తారు. సంచి బరువని మళ్లీ తీస్తారు. కాటా ఆసామిది, లెక్క రాసే పుస్తకం మేస్త్రీది, మా చేతిలో చీటీ ముక్క కూడా ఉండదు. పొద్దు గూకేదాకా కోసిన చేతులు అన్నం కలుపుకోలేనంతగా మండుతుంటాయి. పాలు తాగే బిడ్డ ఏడిస్తే కారం చేతులు తగలకుండా తల్లి మోచేతులతో ఎత్తుకోవాలి. ఇంత చేసి రేపు రాబోయే కూలి ఎంతో తెలియకుండా పడుకుంటామయ్యా.

కోత ఆపిన రోజే బోరు నీళ్లు పట్టుకోనివ్వలేదు. అడ్వాన్సు కట్టి బరకాలు పీక్కుని పొమ్మన్నారు. వేరే ముఠాను దించుతామని బెదిరించారు. ఆ వచ్చేవాళ్లూ మా ఆలూరు వైపు వాళ్లే, మాలాగే అప్పు తెచ్చి తిన్నవాళ్లే. వాళ్లకు అడ్డం నిలబడమంటే మాకు మనసెలా ఒప్పుతుంది?

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలో పాస్‌బుక్, ప్రయాణ భత్యం, కాంట్రాక్టరుకు లైసెన్సు అన్నీ ఉండేవట. మేం రాష్ట్రం దాటలేదు కాబట్టి అది మాకు వర్తించదనేవారు. తుంగభద్ర దాటి రాయచూరుకు పోతే వలస కూలీలం, అంతకంటే ఎంతో దూరమున్న పల్నాడుకు వస్తే కాదా? పోనీ, కిలో లెక్కన చేయించుకున్నా రోజు కూలి కనీస వేతనానికి తగ్గకూడదన్నది 1948 కనీస వేతనాల చట్టం నాటి నుంచీ ఉన్న మాటే. దాన్నైనా వచ్చి అమలు చేయించండి.

పిల్లల సంగతి కూడా చెప్పాలి. వలసపోయేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టళ్లు మేం సుగ్గికి బయల్దేరే ముందే తెరవాలి. మేం పోయాక తెరిస్తే పిల్లలు అప్పటికే మాతోపాటు చేలో ఉంటారు. మా పొలాలకు సాగునీళ్లిస్తే అసలు ఊరే దాటమని ఎన్ని ప్రభుత్వాలకు చెప్పుకున్నామో.

మీ అధికారిని ఒక్కరిని మా దగ్గరికి పంపండి. ఆసాములను, మేస్త్రీని, మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టి ముందు ఒప్పుకున్న రేటు కాగితం మీద రాయించండి. తూకం వేసిన ప్రతిసారీ చీటీ ఇప్పించండి. కోసిన కాయకు మిగిలిన కూలి ఇప్పించండి. నీళ్లు ఆపొద్దని చెప్పండి. కోతలు ముగిశాక మీవాళ్లు వచ్చినా అక్కడ మేముండం, బాకీ రాబట్టుకునే దారీ ఉండదు. దండం పెట్టి అడుగుతున్నాం, ఈ వారంలోనే పంపండి.

ఇట్లు,
కోసిగి మండలం నుంచి వచ్చిన ఒక మిరప కోత కూలి