ఫుజి కొండకు రాత్రి యాత్రలో మాతో రాదలచినవారికి

ఫుజి ఎక్కే దారుల్లో ఒకటైన యోషిదా దారి జూలై 1న తెరుచుకుని సెప్టెంబరు 10న మూతపడుతుంది. ఆ రోజులకు మా బుకింగులు మొదలయ్యాయి కనుక, టోక్యో పరిసరాల్లో ఉంటూ మాతో రాదలచిన తెలుగువారికి ధర గురించి, మా షరతుల గురించి, అంతకంటే ముఖ్యంగా కొండ గురించి కొన్ని సంగతులు దాపరికం లేకుండా చెప్పదలచుకున్నాము.

ధర పెరిగింది. 2024లో 2,000 యెన్లతో మొదలైన ప్రవేశ రుసుము 2025లో మనిషికి 4,000 యెన్లయింది. మేము బస చేసే హట్ (కొండదారిలో ఉండే బస ఇల్లు) కూడా పడక ధర పెంచింది. గైడుకు ఇచ్చే డబ్బులో కోత పెట్టి పాత ధరకే తీసుకువెళ్ళవచ్చు గాని, అర్ధరాత్రి దాటాక ఆ ఎత్తులో మీరు ఎవరి మాట నమ్మి అడుగు వేస్తారో ఆ మనిషి దగ్గర పొదుపు చేయడం మాకు ఇష్టం లేదు.

సాయంత్రం బయలుదేరి, ఎక్కడా పడుకోకుండా నడిచి, తెల్లవారేసరికి శిఖరం చేరే చవక యాత్ర పెట్టమని ఇప్పటికీ అడుగుతున్నారు. పెట్టము. హట్‌లో పడక లేనివారిని మధ్యాహ్నం రెండు దాటాక మళ్ళీ తెల్లవారుజామున మూడింటి వరకు అయిదవ స్టేషన్ (బస్సు దిగి నడక మొదలుపెట్టే మజిలీ) గేటు దాటనివ్వరు. ఆ నిబంధన లేకపోయినా మా జవాబు ఇదే. అయిదవ స్టేషన్ 2,305 మీటర్ల ఎత్తున ఉంది, శిఖరం 3,776 మీటర్లు. పైన ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కామని ధైర్యంగా చెప్పేవారు చాలామంది ఉంటారు, అది కాళ్ళ బలానికి మంచి గుర్తే, కాని తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే కనుక అక్కడి అనుభవం ఇక్కడి తలనొప్పి గురించి ఏమీ చెప్పదు. అందుకే బస్సు దిగాక గంటసేపు అక్కడే కూర్చోబెడతాము. ఆ గంట వృథా అని విసుక్కునేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. విసుక్కోండి, కాని కూర్చోండి. దుకాణంలో అమ్మే ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ఊరట ఇస్తుందే తప్ప ఎత్తును తగ్గించదు. హట్ చేరగానే నిద్రపోవద్దు. నిద్రలో ఊపిరి లోతు తగ్గిపోయి తలనొప్పి ముదురుతుంది. కాసేపు మెలకువగా ఉండి, నీళ్ళు తాగి, ఆ తరువాత పడుకోండి.

హట్‌ను హోటల్ అనుకుని వచ్చినవారు నొచ్చుకుంటారు. పడకలు పక్కవారి మోచేయి తగిలేంత దగ్గరగా ఉంటాయి, స్నానం లేదు, ముఖం కడుక్కోవడానికి నీళ్ళు కూడా ఉండవు. మరుగుదొడ్డికి వెళ్ళిన ప్రతిసారీ రెండు మూడు వందల యెన్లు డబ్బాలో వేయాలి, అక్కడ చిల్లర ఇచ్చేవారు ఉండరు కనుక వంద యెన్ల నాణేలు దండిగా తెచ్చుకోండి. సామాను ప్లాస్టిక్ సంచుల్లో కాకుండా గుడ్డ సంచుల్లో సర్దుకోండి. రాత్రి ఒంటిగంటకు చీకట్లో చేతి తొడుగుల కోసం ఒకరు సంచి కెలికితే ఆ గరగర చప్పుడుకు గదంతా లేస్తుంది. రాత్రి భోజనం చాలా హట్‌లలో కర్రీ రైస్, అందులో మాంసం ఉండవచ్చు. శాకాహారులు పులిహోర తెచ్చుకోవడమే మేలు. ఆవకాయ కూడా తేవచ్చు, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో. చెత్త మొత్తం మీ సంచిలోనే కిందికి దిగాలి.

ఇక అసలు షరతు. శిఖరం మీద సూర్యోదయం చూపిస్తామని మేము హామీ ఇవ్వడం లేదు. జూలై మొదట్లో నాలుగున్నర ప్రాంతంలో, ఆగస్టు చివరికి అయిదు ప్రాంతంలో సూర్యుడు వస్తాడు. ఆ వేళకు పైన ఉండాలని అందరూ ఒకేసారి బయలుదేరడంతో చివరి మలుపుల్లో తలదీపాల వరుస కదలదు. ఆగి నిలబడినప్పుడే చలి పట్టుకుంటుంది. ఆగస్టులో కూడా శిఖరం మీద సగటు ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల చుట్టుపక్కలే, తెల్లవారుజామున గాలితో కలిస్తే చేతివేళ్ళు మొద్దుబారిపోతాయి. జీన్స్ తడిస్తే ఆరదు. పైకీ కిందికీ విడివిడిగా ఉండే రెయిన్‌కోటు, చేతి తొడుగులు, తలదీపం లేనివారిని మేము బస్సు ఎక్కించుకోము. వాంతులైనా, నడక తూలినా, గాలి పెరిగినా గైడు వెనక్కి అన్నాక దానిమీద చర్చ లేదు, అందుకు డబ్బు తిరిగి ఇవ్వడం కూడా లేదు, ఎందుకంటే గైడుకు, హట్‌కు, బస్సుకు అప్పటికే చెల్లించి ఉంటాము. బయలుదేరకముందే తుపాను వల్ల మేమే రద్దు చేస్తే మాత్రం పూర్తిగా వాపసు ఇస్తాము. యోషిదా వైపు హట్‌ల ముంగిట నుంచి కూడా సూర్యోదయం చక్కగా కనిపిస్తుంది. నన్ను అడిగితే, దుప్పటి కప్పుకుని వేడి టీతో అక్కడ కూర్చోవడమే మేలు.

దిగేదారి వేరు. అంతా వదులు లావా రాళ్ళు, మోకాళ్ళ పని పడుతుంది. ఎనిమిదవ స్టేషన్ దగ్గర సుబషిరి దారి విడిపోతుంది. నిద్రమత్తులో గుంపు వెంట పోతే కొండకు ఇంకో పక్క తేలుతారు. దారి చూపే పలకల్లో యోషిదావి పసుపు, సుబషిరివి ఎరుపు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకురావచ్చా అని అడుగుతున్నవారికి: బీపీ మాత్రలు వేసుకునేవారిని రాత్రి యాత్రకు మేము చేర్చుకోము. షింజుకు నుంచి అయిదవ స్టేషన్‌కు నేరుగా బస్సు ఉంది, అక్కడ కొమితకే గుడి ఉంది, మబ్బు లేకపోతే శిఖరం కళ్ళెదుటే ఉంటుంది. వేసవిలో సొంత కార్లను పైకి అనుమతించరు గనుక బస్సు టికెట్టు ముందే కొనుక్కోండి; దానికి మా అవసరం లేదు.