మీటరు స్మార్టే, బిల్లే మారలేదు
కరెంటు స్మార్ట్ మీటర్లు గోడకెక్కాయి గానీ, వాటిలోని లెక్క ఇంట్లోవాళ్లకు అందడం లేదు. మీటరు అరగంటకోసారి వాడకాన్ని నమోదు చేయగలదు. మా చేతికి వచ్చేది మాత్రం నెలకోసారి ఒక్క అంకె. దాన్ని చూసి టెన్షన్ పడటమే తప్ప ఎక్కడ తగ్గించాలో తెలియదు. ఖాళీ గదిలో బల్బు వెలుగుతోందని పిల్లల్ని కసురుతాం (నేనూ అంతే). 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు ఒక యూనిట్ కాలాలంటే 111 గంటలు పడుతుంది, 2,000 వాట్ల గీజరుకు అరగంట చాలు. పైగా సోలార్ కరెంటు దండిగా ఉండేది మధ్యాహ్నం, మనం వాషింగ్ మెషీన్ వేసేది దీపాలు పెట్టే వేళ. విద్యుత్ సంస్థలు ఏ గంటలో ఎంత కాలిందో బిల్లు మీదే బొమ్మగీసి చూపాలి, మధ్యాహ్నం వాడకానికి యూనిట్ ధర తగ్గించాలి. యాప్‌లో ఉందిగా అంటే కుదరదు, ఇంట్లో పెద్దవాళ్లు చూసేది కాగితం బిల్లే.